బరువు సరే, నడుము కొలిచారా?

మీ ప్రశ్నలు – మా జవాబులు

బరువు గురించి వచ్చిన ఉత్తరాలన్నీ ఈ సంచికలో ఒకచోట పెట్టాం. దాదాపు అందరూ తూకం అంకె రాశారు. కొందరు ఎత్తు కూడా రాశారు. నడుము చుట్టుకొలత రాసినవాళ్లు మాత్రం చాలా తక్కువ. మనవాళ్ల ఒంటి తీరుకి అన్నిటికన్నా ముందు తెలియాల్సింది ఆ మూడో అంకే. ఇంట్లో టేపు ఉంటే పక్కన పెట్టుకుని చదవండి.

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 66 కిలోలు. ఆఫీసు వాళ్లు చేయించిన హెల్త్ చెకప్‌లో బీఎంఐ నార్మల్ అని వచ్చింది. కానీ పరగడుపు షుగర్ 112, ట్రైగ్లిజరైడ్లు 210 ఉన్నాయి. నేను లావుగా ఉండను, కాస్త పొట్ట ఉందంతే. టేపు పెట్టి చూస్తే 94 సెంటీమీటర్లు వచ్చింది. సన్నటివాడికి ఇవన్నీ ఎందుకొచ్చాయి? – ఒక పాఠకుడు, విజయవాడ

బీఎంఐ అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చూసే అంకె. మీ లెక్కలో తప్పు లేదు. 5 అడుగుల 7 అంగుళాలంటే 1.70 మీటర్లు. దాన్ని దానితోనే గుణిస్తే 2.89. 66ని 2.89తో భాగిస్తే 22.8 వస్తుంది. భారతీయులకి పెట్టిన హద్దు 23. మీరు దానికి లోపలే ఉన్నారు. అయితే ఆ 66 కిలోల్లో కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు ఎక్కడ చేరిందన్నది బీఎంఐ చెప్పలేదు. అసలు ఆ లెక్క రోగుల కోసం పుట్టింది కాదు. 1830ల్లో బెల్జియం గణిత శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లె జనాభాలో సగటు మనిషి ఎలా ఉంటాడో తెలుసుకోవడానికి వేసిన లెక్క అది. 1972లో అమెరికా పరిశోధకుడు ఆన్సెల్ కీస్ దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టారు. ఊరి మొత్తం పరిస్థితి చెప్పడానికి అది బాగా పనికొస్తుంది. ఒక్క మనిషి విషయానికొచ్చేసరికి తడబడుతుంది.

2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో పక్కపక్కన వచ్చింది. ఒకరు పుణెకి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు లండన్‌కి చెందిన జాన్ యుడ్‌కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. మన విజయవాడ పాఠకుడి కథ కూడా ఆ ఫొటోలోనే ఉంది. మనకి కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వు కూడా చేతులకీ తొడలకీ పట్టకుండా పొట్ట లోపల చేరుతుంది.

చర్మం కింద చేతికి పట్టుబడే కొవ్వు అంత ప్రమాదం కాదు. పేగుల చుట్టూ, కాలేయం లోపల చేరేదే చెడ్డది. పేగుల చుట్టూ ఉన్న కొవ్వు నుంచి వచ్చే రక్తం ముందుగా కాలేయంలోకే పోతుంది. ఆ కొవ్వు కరిగి విడుదలయ్యే కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయం మీద పడతాయి. దాంతో కాలేయం, రక్తంలో షుగర్‌ని అదుపులో ఉంచే ఇన్సులిన్ హార్మోన్ మాట వినడం మానేస్తుంది. రాత్రంతా అవసరానికి మించి చక్కెర తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. పొద్దున పరగడుపు షుగర్ 112 చూపించడం వెనక ఉన్నది ఇదే. మిగిలిన కొవ్వుని ట్రైగ్లిజరైడ్లుగా, అంటే రక్తంలో తిరిగే కొవ్వుగా మార్చి బయటికి పంపుతుంది. మీ 210 అక్కడిదే. కొవ్వు ఎంతన్నదే కాదు, ఎక్కడ చేరిందన్నది కూడా ముఖ్యమని ఫ్రాన్స్‌లోని మార్సెయ్ డాక్టర్ జీన్ వాగ్ 1947లోనే రాశారు.

నడుము (మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే), ట్రైగ్లిజరైడ్లు (150 దాటితే), పరగడుపు షుగర్ (100 దాటితే), బీపీ (130/85 దాటితే), మంచి కొలెస్టరాల్ అనే హెచ్‌డీఎల్ (మగవాళ్లకి 40, ఆడవాళ్లకి 50 కన్నా తగ్గితే). ఈ ఐదింటిలో మూడు ఉంటే దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. మీకు మూడు ఉన్నాయి. భయపడకండి, అలాగని వదిలేయకండి. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష), బీపీ, హెచ్‌డీఎల్ చూపించుకోండి. కాలేయానికి ఒక అల్ట్రాసౌండ్ తీయించమని డాక్టర్‌ని అడగండి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ వ్యాధికి ముందు మెట్టు. 6.5, అంతకు పైన ఉంటే షుగర్ వ్యాధి.

ఇక్కడ మీకు ధైర్యమిచ్చే సంగతి ఒకటుంది. చెన్నైలో ప్రీడయాబెటిస్ ఉన్న 500 మందికి పైగా మనవాళ్ల మీద చేసిన అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. తిండి మార్చుకుని, నడక పెంచుకున్నవాళ్లలో షుగర్ వ్యాధిలోకి జారడం 28.5 శాతం తగ్గింది. వాళ్ల బరువు పెద్దగా తగ్గకుండానే ఇది జరిగింది. కాబట్టి తూకం కదలడం లేదని మధ్యలో ఆపేయకండి. 94 నుంచి ముందు 90కి, తర్వాత 85కి దిగడం మీ గురి. 85 ఎందుకో కింద ఇంకో జవాబులో ఉంది.

ప్రశ్న: మా ఇంట్లో మూడుసార్లు నడుము కొలిస్తే 79, 82, 86 వచ్చాయి. ఏది నిజం? అసలు టేపు ఎక్కడ పెట్టాలి? – ఒక పాఠకురాలు, కరీంనగర్

మూడూ మూడు వేర్వేరు చోట్ల తీసిన కొలతలై ఉంటాయి. పక్కటెముకల కింద బిగించి పెడితే 79, బొడ్డు కింద పెడితే 86 రావడం మామూలే.

ముందు టేపు సంగతి చూడండి. దర్జీలు వాడే గుడ్డ టేపు ఏళ్ల తరబడి వాడితే సాగుతుంది. పిల్లల 30 సెంటీమీటర్ల స్టీలు స్కేలు తీసుకుని, టేపు మీద 0 నుంచి 30 దాకా ఒకసారి, 60 నుంచి 90 దాకా ఒకసారి ఆనించి చూడండి. 2 మిల్లీమీటర్లు దాటి తేడా వస్తే ఆ టేపు పక్కన పడేయండి. చివర రేకు ఊడిపోయిన టేపుతో కొలవకండి, సున్నా ఎక్కడ మొదలవుతుందో తెలియదు. ఒక వైపు అంగుళాలు, ఇంకో వైపు సెంటీమీటర్లు ఉన్న టేపు మెలిక పడితే అంకెలు తారుమారవుతాయి.

ఇక చోటు. చంక మధ్య నుంచి వేలిని నిలువుగా కిందికి దించండి. చివరి పక్కటెముక ఎక్కడ ఆగిపోతుందో వేలికి తెలుస్తుంది. అక్కడ ఒక బొట్టుబిళ్ల అతికించండి. అదే గీతలో ఇంకా కిందికి వస్తే, పక్కన గట్టిగా తుంటి ఎముక పై అంచు తగులుతుంది. అక్కడ ఇంకొకటి పెట్టండి. రెండింటికీ మధ్య దూరం 8 సెంటీమీటర్లుంటే, 4 దగ్గర మూడో బిళ్ల పెట్టాలి. రెండో వైపు కూడా ఇలాగే. టేపు ఈ మధ్య బిళ్లల మీదుగా పోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే చోటు ఇదే. బొడ్డుని గుర్తుగా పెట్టుకోవద్దు. పొట్ట జారిన కొద్దీ బొడ్డు కూడా కిందికి జారుతుంది. ఈ ఏడాది కొలిచిన చోటు వచ్చే ఏడాది ఉండదు.

పొద్దున ఏమీ తినకముందు, మూత్రానికి వెళ్లొచ్చి కొలవండి. పాదాలు దగ్గరగా పెట్టి, బరువు రెండు కాళ్ల మీదా సమానంగా వేసి, చేతులు పక్కకి వదిలేసి నిలబడాలి. టేపు ముందూ వెనకా నేలకి సమాంతరంగా ఉండాలి. చాలామందికి వెనక వైపు టేపు కిందికి వాలుతుంది. అద్దం ముందు పక్కకి తిరిగి చూసుకుంటే తెలిసిపోతుంది. మామూలుగా ఊపిరి వదిలిన తర్వాత, ఆ చివరి క్షణంలో అంకె చూడాలి. బలంగా ఊదేయకూడదు, పొట్ట లోపలికి పీల్చకూడదు. టేపు చర్మానికి ఆనాలి, చర్మాన్ని నొక్కకూడదు. రెండుసార్లు కొలవండి. తేడా 1 సెంటీమీటరు లోపుంటే రెండింటి సగటు రాసుకోండి. అంతకు మించితే మళ్లీ మొదటి నుంచి.

చీర కుచ్చిళ్ల మీద, జీన్స్ బెల్టు మీద కొలిచేవాళ్లు సులువుగా 2, 3 సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తారు. లంగా బొందు బిగించి కట్టుకున్న చోట చర్మం గాడి పడి ఉంటుంది. ఆ గాడిలో టేపు పెడితే తక్కువ చూపిస్తుంది. బొందు వదులు చేసి, కిందికి దించి, కాసేపాగి కొలవండి.

ప్రశ్న: నా ప్యాంటు సైజు 34. పదేళ్లుగా అదే. అంటే నా నడుము పెరగనట్టేగా? – ఒక పాఠకుడు, ఒంగోలు

కాదండీ. పొట్ట పెరిగిన కొద్దీ ప్యాంటు పొట్ట కిందికి జారుతుంది. అక్కడి చుట్టుకొలత పెద్దగా మారదు. పైగా 34 అని రాసి ఉన్న ప్యాంటుని టేపుతో కొలిచి చూడండి, చాలా కంపెనీల్లో అంతకంటే ఎక్కువే ఉంటుంది. మొలతాడు కథ కూడా ఇంతే. అది తుంటి మీద పడి ఉంటుంది, బొజ్జ సంగతి దానికి తెలియదు. 90 సెంటీమీటర్లంటే 35 అంగుళాల పైచిలుకు. పైన చెప్పిన చోట ఒకసారి టేపు పెట్టి చూసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. 36 ఏళ్లు, బీఎంఐ 24.5. అక్కడి చార్టులో 25 దాకా నార్మల్ అని ఉందట. ఇక్కడ మా డాక్టర్ అధిక బరువు అంటున్నారు. ఎవరి మాట వినాలి? – ఒక తల్లి, హన్మకొండ

ఇద్దరూ తప్పు చెప్పలేదమ్మా, వాళ్ల చేతుల్లో ఉన్న చార్టులు వేరు. ప్రపంచానికంతటికీ ఉన్న చార్టులో 25 నుంచి అధిక బరువు, 30 నుంచి ఊబకాయం. భారతీయుల కోసం 2009లో మన వైద్య నిపుణులు ఒప్పుకున్న హద్దుల్లో 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. అమెరికాలో నడుముకి వాడే హద్దు మగవాళ్లకి 102, ఆడవాళ్లకి 88 సెంటీమీటర్లు. మనకి 90, 80. అక్కడ ఉన్నంత మాత్రాన మీ అబ్బాయి కాలేయం అమెరికా హద్దుకి సర్దుకోదు.

అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా 2015 నుంచి ఆసియా మూలాలున్నవాళ్లకి 23 నుంచే షుగర్ పరీక్ష ఆలోచించమంటోంది. మీ అబ్బాయి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు "మాది దక్షిణాసియా కుటుంబం, అమ్మానాన్నలకి షుగర్ ఉంది" అని, ఉంటే, గట్టిగా చెప్పి హెచ్‌బీఏ1సీ రాయించుకోమనండి. ఇంకో జాగ్రత్త. అక్కడ కొన్ని చోట్ల నడుముని తుంటి ఎముక పై అంచు మీదే కొలుస్తారు. ఆ అంకెనీ ఇక్కడ మధ్యలో కొలిచిన అంకెనీ పోల్చి, పెరిగాననో తగ్గాననో అనుకోకూడదు.

ప్రశ్న: నడుము–తుంటి నిష్పత్తి మంచిదా, నడుము–ఎత్తు నిష్పత్తి మంచిదా? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

ఇంట్లో వాడుకోవడానికి నడుము–ఎత్తే మంచిదని మా అభిప్రాయం.

తుంటి కొలతలో పిరుదుల దగ్గర అన్నిటికన్నా వెడల్పైన చోటు పట్టుకోవాలి. నడుముని ఆ అంకెతో భాగించాలి. మగవాళ్లకి 0.90, ఆడవాళ్లకి 0.85 దాటకూడదు. గుండెపోటు ప్రమాదం చెప్పడంలో ఈ నిష్పత్తి బీఎంఐ కన్నా మెరుగని 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2005లో తేల్చింది. కానీ రెండు కొలతలంటే రెండు చోట్ల పొరపాటు పడొచ్చు. బరువు తగ్గేవాళ్లకి ఇంకో చిక్కుంది. నడుము 92, తుంటి 98 ఉన్నప్పుడు నిష్పత్తి 0.94. కష్టపడి నడుము 86కి, తుంటి 92కి తెచ్చారనుకోండి, నిష్పత్తి 0.93. అంత కష్టం ఆ అంకెలో కనపడదు.

నడుము–ఎత్తు లెక్క సులువు. నడుము ఎత్తులో సగం లోపు ఉండాలి, అంతే. బ్రిటన్‌లో మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2022 నుంచి దీన్నే జనానికి చెబుతోంది. 0.5 లోపు మంచిది, 0.5 నుంచి 0.59 దాకా ప్రమాదం పెరిగినట్టు, 0.6 దాటితే ఎక్కువ ప్రమాదం. పై విజయవాడ పాఠకుడి ఎత్తు 170, సగం 85. ఆ 85 వచ్చింది ఇక్కడి నుంచే.

పొట్టిగా ఉన్న ఆడవాళ్లకి ఇది మరీ ఉపయోగం. 148 సెంటీమీటర్ల ఎత్తున్న ఆమె నడుము 78 అనుకోండి. 80 హద్దు ప్రకారం ఏ బాధా లేదు. ఎత్తులో సగం మాత్రం 74. ఆమె దాన్ని 4 సెంటీమీటర్లు దాటేసింది. టేపు లేకపోయినా పర్వాలేదు. అరికాలి నుంచి నడినెత్తి దాకా ఒక పురికొస కొలిచి కత్తిరించండి. దాన్ని సగానికి మడిచి నడుము చుట్టూ తిప్పండి. రెండు కొసలూ కలిస్తే సరే. కలవకపోతే పరీక్షలు చేయించుకోవాలి.

ఎత్తు కూడా జాగ్రత్తగా కొలవండి. కాలేజీ రోజుల అంకె రాసేయొద్దు. చెప్పులు తీసి, కొప్పు విప్పి, మడమలూ పిరుదులూ వీపూ గోడకి ఆనించి, తల మీద ఒక గట్టి పుస్తకం గోడకి లంబంగా పెట్టి గీత గీయాలి. 60 కిలోల మనిషికి 160 సెంటీమీటర్లయితే బీఎంఐ 23.4, 162 అనుకుంటే 22.9. రెండు సెంటీమీటర్ల పొరపాటు మనిషిని హద్దు దాటిస్తుంది.

ప్రశ్న: నేను ఆశా కార్యకర్తని. 30 ఏళ్లు దాటినవాళ్లకి సీబ్యాక్ ఫారం (షుగర్, బీపీ లాంటి జబ్బుల ముప్పుని మార్కులతో లెక్కవేసేది) నింపుతాను. నడుము కొలత దగ్గర ఆడవాళ్లు సిగ్గుపడి చీర మీదే కొలవమంటారు. కొందరు ఊపిరి బిగపడతారు. అందాజాగా రాసేస్తే నష్టమా? – అనకాపల్లి జిల్లా

నష్టమేనమ్మా. మీ ఫారంతోనే లెక్క వేసి చూద్దాం. 52 ఏళ్ల మనిషికి వయసుకి 3 మార్కులు. నడుము 92 అయితే 90 దాటింది కాబట్టి 2 మార్కులు, ఫారంలో మిగతావాటికి సున్నా అనుకుంటే మొత్తం 5. నాలుగు దాటింది కనుక ఆమెని ముందుగా పరీక్షకి పంపుతారు. అదే ఆమె పొట్ట బిగపట్టి 89 చూపించిందనుకోండి, నడుముకి 1 మార్కే. మొత్తం 4. ఆమె పేరు ముందు వరసలోంచి జారిపోతుంది. మూడు సెంటీమీటర్లతో జరిగే అన్యాయం ఇది.

సిగ్గుకి ఒక ఉపాయం ఉంది. తలుపు దగ్గరగా వేసి, టేపు చివర ఆమె చేతికే ఇవ్వండి. పైట లోపల నుంచి వెనక్కి తిప్పి ముందుకి తెచ్చుకోమనండి. మీరు పక్క నుంచి టేపు సమంగా ఉందో లేదో చూసి సరిచేస్తే చాలు. ఊపిరి బిగపట్టేవాళ్లని ఏదో ఒకటి అడగండి, పిల్లలేం చదువుతున్నారనో, పొలంలో ఏం వేశారనో. జవాబు చెప్పి ఊపిరి వదిలేటప్పుడు అంకె చూడండి. చీర మీదే కొలవక తప్పకపోతే ఫారం పక్కన ఆ మాట రాయండి. అంకెలోంచి మీ అంతట మీరు తీసేయకండి. గర్భిణులకి ఈ కొలత పనికిరాదు. ఇంకొక మాట. మార్కులు నాలుగు దాటకపోయినా 30 ఏళ్లు నిండిన ప్రతివాళ్లకీ బీపీ, షుగర్ చూడాల్సిందే. మార్కులు వరసలో ఎవరు ముందో చెప్పడానికి మాత్రమే.

ప్రశ్న: వయసు 28, ఎత్తు 175, బరువు 83 కిలోలు, మూడేళ్లుగా జిమ్. బీఎంఐ 27 అని యాప్ ఎర్రగా చూపిస్తోంది. నడుము 81. – ఒక పాఠకుడు, హైదరాబాద్

81ని 175తో భాగిస్తే 0.46. ఆ ఎరుపు మీ కండది. బరువు తగ్గించుకోవాల్సిన పని లేదు. బీపీ మాత్రం ఏడాదికోసారి చూపించుకోండి.

ప్రశ్న: మా అమ్మకి 68 ఏళ్లు. ఏడాదిలో 60 కిలోల నుంచి 56కి తగ్గింది. బరువు తగ్గిందని అందరం సంతోషించాం. కానీ చేతులూ కాళ్లూ సన్నబడ్డాయి, పొట్ట అలాగే ఉంది. కుర్చీలోంచి లేవడానికి చేత్తో ఆనుకుంటోంది. – ఒక పాఠకురాలు, కడప

ఇది సంతోషించే తగ్గుదల కాదు. ప్రయత్నం లేకుండా ఏడాదిలో 5 శాతం పైగా బరువు తగ్గితే కారణం వెతకాలి. అమ్మకి 60లో 4 కిలోలు, అంటే దాదాపు 7 శాతం తగ్గింది. షుగర్, థైరాయిడ్, రక్తహీనత, పళ్లు, ఆకలి, మనసులో దిగులు, ఇతర జబ్బులు, అన్నీ డాక్టర్ చూడాలి. ఈ వారంలోనే తీసుకెళ్లండి.

పెద్ద వయసులో పోయేది ఎక్కువగా కండ. అందుకే బరువు తగ్గినా పొట్ట తగ్గదు. ఇక్కడ బీఎంఐ రెండు రకాలుగా మోసం చేస్తుంది. కండ పోయిన సంగతి చెప్పదు. వెన్ను వంగి ఎత్తు తగ్గితే అంకె పెంచి చూపిస్తుంది. అప్పట్లో 154 సెంటీమీటర్లున్న మనిషి ఇప్పుడు 150 ఉంటే, అదే 56 కిలోలకి బీఎంఐ 23.6 కాస్తా 24.9 అవుతుంది.

అమ్మకి కొలవాల్సింది పిక్క. కుర్చీలో కూర్చోబెట్టి, పాదం నేల మీద పూర్తిగా ఆనించి, మోకాలు లంబంగా వంచి, పిక్కలో అన్నిటికన్నా లావైన చోట టేపు పెట్టండి. నొక్కకూడదు. టేపు కాస్త పైకీ కిందికీ జరిపి పెద్ద అంకె రాసుకోండి. ఆసియా దేశాల నిపుణులు 2019లో చెప్పిన ప్రకారం ఆడవాళ్లకి 33, మగవాళ్లకి 34 సెంటీమీటర్ల కన్నా తగ్గితే కండ కరుగుతోందని అనుమానించాలి. కాళ్ల వాపు ఉంటే ఈ అంకె నమ్మకండి. తర్వాత చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమనండి. గోడకి ఆనించిన గట్టి కుర్చీ వాడండి, మీరు పక్కనే నిలబడండి. 12 సెకన్లు, అంతకు పైన పడితే బలం తగ్గినట్టు. చేయి ఆనకుండా లేవలేకపోతే లెక్క పెట్టనక్కర్లేదు, ఆ మాటే డాక్టర్‌కి చెప్పండి.

అన్నం తగ్గించి చారుతో సరిపెడుతుంటే ఆ అలవాటు మాన్పించండి. కిలో బరువుకి రోజుకి కనీసం 1 గ్రాము మాంసకృత్తులు కావాలి, అమ్మకి 56 గ్రాములు. గుడ్డులో 6, గ్లాసు పాలలో 6, 30 గ్రాముల పప్పులో 7 గ్రాముల దాకా ఉంటాయి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టర్‌ని అడక్కుండా పెంచకండి.

ప్రశ్న: మూడు నెలలుగా రోజూ 40 నిమిషాలు నడుస్తున్నాను. బరువు కిలో కూడా తగ్గలేదు. ఫోన్‌కి కలిసే స్మార్ట్ మిషన్ మాత్రం కొవ్వు ఒకరోజు 31 శాతం, మర్నాడు 34 అంటోంది. – ఒక పాఠకురాలు, నిజామాబాద్

ఆ మిషన్ పాదాల గుండా చిన్న కరెంటు పంపి, ఎంత అడ్డుపడిందో చూసి కొవ్వుని అంచనా వేస్తుంది. ఒంట్లో నీళ్లు ఎంత ఉన్నాయన్న దాన్ని బట్టి అంకె మారుతుంది. చెమట పట్టినా, నీళ్లు తాగినా, నెలసరి ముందు ఒళ్లు నీరు పట్టినా, పాదాలు తడిగా ఉన్నా తేడా వస్తుంది. ఒక్కరోజులో 3 శాతం కొవ్వు ఎవరికీ పెరగదు. అందులో తూకం అంకె ఒక్కటే వాడండి. మిషన్‌ని కార్పెట్ మీద కాకుండా బండల మీద పెట్టండి. అప్పుడప్పుడు 10 కిలోల బియ్యం బస్తా పట్టుకుని ఎక్కి తేడా సరిగ్గా 10 వస్తోందో లేదో చూసుకోండి.

వారానికోసారి తూకం, నెలకోసారి నడుము చాలు. రోజూ నడుము కొలిస్తే నిన్నటి భోజనం, గ్యాస్ తప్ప ఇంకేం తెలియదు. సుమారుగా ఒక కిలో కొవ్వు తగ్గితే నడుము ఒక సెంటీమీటరు తగ్గుతుందనుకోవచ్చు. నడక మొదలెట్టినవాళ్లలో తూకం ఆగిపోయినా నడుము తగ్గడం కనిపిస్తుంది. మూడు నెలల కిందటి నడుము కొలత మీ దగ్గర లేదు కాబట్టి మీ నడక ఫలించలేదని తేల్చకండి. ఇవాళ కొలిచి క్యాలెండర్ మీద రాసుకోండి.

నడకతో పాటు కంచం కూడా చూడాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో బియ్యం, గోధుమ, చిరుధాన్యాల నుంచి వచ్చే కేలరీలు 45 శాతం దాటకూడదని చెప్పింది. మన భోజనంలో అన్నమే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. ముందు కూర, పప్పు వడ్డించుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకోండి. వారానికి రెండు రోజులు కండలకి పని చెప్పండి. గుంజీళ్లు తీసినా, గోడకి చేతులానించి తోసినా మంచిదే. 70 కిలోల మనిషి 3.5 నుంచి 5 కిలోలు తగ్గినా షుగర్, బీపీ బాగా మెరుగుపడతాయి. 55కి రావాలని పట్టు పట్టాల్సిన పని లేదు.

ప్రశ్న: మా బాబుకి 9 ఏళ్లు. బీఎంఐ 20. 23 లోపే కదా? బొద్దుగా ఉన్నాడు, పెరిగితే సర్దుకుంటుందని అత్తయ్య అంటారు. మెడ వెనక నల్లగా ఉంటే స్నానంలో ఎంత రుద్దినా పోవడం లేదు. – ఒక తల్లి, తిరుపతి

23 పెద్దవాళ్ల హద్దు. పిల్లలకి వయసుని బట్టి, మగా ఆడా బట్టి హద్దు మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో 9 ఏళ్ల మగపిల్లాడికి 17.9 దాటితే అధిక బరువు, 20.5 దాటితే ఊబకాయం. బాబు 20 దగ్గర ఉన్నాడు. మన పిల్లల కోసం భారతీయ శిశు వైద్యుల సంఘం 2015లో చేసిన చార్టు ఒకటి ఉంది, 5 నుంచి 18 ఏళ్ల దాకా. పిల్లల డాక్టర్‌ని అందులో బాబు చుక్క పెట్టి చూపించమని అడగండి. ఒక్క చుక్క కన్నా ఆరునెలలకోసారి పెట్టిన మూడు నాలుగు చుక్కలు ఎక్కువ చెబుతాయి. గీత పక్కనే సాగుతున్నాయా, పైకి ఎగబాకుతున్నాయా అన్నది చూడాలి. నడుము ఎత్తులో సగం లోపు ఉండాలన్న మాట ఈ వయసుకీ వర్తిస్తుంది. బాబు ఎత్తు 132 అయితే నడుము 66 దాటకూడదు.

మెడ వెనక నలుపు గురించి రాయడం చాలా మంచిదైంది. చర్మం మెత్తగా, మఖమల్ గుడ్డలా మందంగా ఉండి, చంకల్లో కూడా కనిపిస్తే అది మురికి కాదు. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైనప్పుడు చర్మం అలా మందమవుతుంది. సున్నిపిండితోనూ పీచుతోనూ రుద్దితే చర్మం ఒరుసుకుపోయి ఇంకా నల్లబడుతుంది, రుద్దడం ఆపేయండి. డాక్టర్‌కి మెడ, చంకలు రెండూ చూపించి, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ, కాలేయ పరీక్ష అవసరమా అని అడగండి. బాబు ముందు "లావు" అన్న మాట వాడకండి, పస్తులు పెట్టకండి. ప్యాకెట్ చిరుతిళ్లు, కూల్‌డ్రింకులు ఇంట్లోకి తేవడం ఇంటిల్లిపాదీ మానేయండి. సాయంత్రం గంటసేపు బయట ఆడుకోనివ్వండి. ఒంట్లో ఇన్సులిన్ దారిలోకొస్తే మెడ నలుపు నెలల మీద దానంతట అదే పలచబడుతుంది.